క్యాంపర్ ట్రైలర్‌లో ముందు అడ్రస్, ఆ తర్వాతే గాడ్జెట్

కారవాన్ అనగానే మనలో చాలామందికి సినిమా షూటింగ్ దగ్గర హీరో కూర్చునే ఏసీ బండి గుర్తొస్తుంది. క్యాంపర్ ట్రైలర్ దానికి దూరపు చుట్టం. దీనికి ఇంజన్ ఉండదు. కారు వెనక హిచ్‌కి తగిలించి లాక్కుపోయే రెండు చక్రాల పెట్టె ఇది. లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక డోర్ పైకెత్తితే చిన్న కిచెన్, పక్కకి టెంట్ వేసుకుంటే ఇంకో ఇద్దరికి నిద్ర. అంతే.

తిరుపతిలో మా ఫ్రెండ్స్ నలుగురం కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒకటి తీసుకున్నాం. నలుగురం బీటెక్, నలుగురికీ గాడ్జెట్ పిచ్చి. తలకోన, హార్స్‌లీ హిల్స్, రాకెట్ లాంచ్ ఉంటే సూళ్ళూరుపేట వైపు... వీకెండ్ దొరికితే బండి కదలాల్సిందే. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాబట్టి "స్టోరేజ్ నీ డిపార్ట్‌మెంట్ మచ్చా" అని సామాను సర్దే పని నాకే అప్పగించారు.

ఈ సైట్‌లో మనం రోజూ ఏం కొనాలో మాట్లాడుకుంటాం. ఈసారి నా మాట కొంచెం ఎదురు దిక్కులో ఉంటుంది. క్యాంపర్ స్టోరేజ్ గురించి ఇంటర్నెట్‌లో ఏం వెతికినా మడత పెట్టే బాస్కెట్లు, వాక్యూమ్ బ్యాగులు, మ్యాగ్నెట్ హోల్డర్లు, రూఫ్ బాక్సులు కొనమనే చెప్తారు. నా అభిప్రాయం ఏంటంటే, ఇవి కొనడం ఆఖరి స్టెప్పు. మొదటి స్టెప్పు తూకం, రెండోది వరస, మూడోది అడ్రస్. ఈ మూడూ అవ్వకుండా కొన్న ప్రతి ఆర్గనైజర్ ఇంకో సామాను అవుతుంది తప్ప చోటు ఇవ్వదు.

ముందు కిలోల లెక్క

ఫోన్ స్టోరేజ్‌కి అలవాటు పడ్డ మనకి ఇక్కడే తేడా కొడుతుంది. ఫోన్‌లో 10 జీబీ ఉన్నా 250 జీబీ ఉన్నా జేబుకి బరువు ఒక్కటే. ట్రైలర్‌లో అట్లా కాదు. షెల్ఫ్ ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది, కానీ బరువు లిమిట్ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. నోటిఫికేషన్ కూడా రాదు.

మన దేశంలో ట్రైలర్లని మొత్తం బరువుని బట్టి కేటగిరీలు చేశారు. సామానుతో కలిపి 750 కిలోలు దాటనివి టీ1. అక్కడి నుంచి మూడున్నర టన్నుల దాకా టీ2. మాది టీ1. ఆర్‌సీలో మొత్తం బరువు 750 కిలోలు, ఖాళీ బండి బరువు 530. అంటే మేం లోపల పెట్టుకోడానికి మిగిలింది 220 కిలోలు. వినడానికి చాలా ఉన్నట్టే ఉంటుంది. ఇప్పుడు మా రెండు రోజుల ట్రిప్ సామాను చూడండి. ప్రతిదీ తూకం వేసి రాసిందే.

- 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు: 41 కిలోలు
- చిన్న గ్యాస్ సిలిండర్: 12
- 12 ఓల్ట్ ఫ్రిజ్, లోపలి సరుకుతో: 25
- పక్క టెంట్: 12
- పరుపులు, దుప్పట్లు: 16
- స్టవ్, కుక్కర్, గిన్నెలు: 14
- బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు: 15
- నలుగురి బ్యాగులు: 32
- కుర్చీలు, టేబుల్: 18
- స్టెప్నీ, జాకీ, టూల్స్: 18
- బ్యాటరీ: 12
- ఇన్వర్టర్, వైర్లు: 3

మొత్తం 218. మిగిలింది రెండు కిలోలు! ఇంకా మా వాళ్ళ కోరికల లిస్ట్ మొదలే కాలేదు. ప్రొజెక్టర్, స్క్రీన్, స్టాండ్ కలిపి 7 కిలోలు. పార్టీ స్పీకర్ 3. డ్రోన్ కేసు 4. ట్రైపాడ్ 2. ఇవన్నీ పడితే 234. లిమిట్ కంటే 14 కిలోలు ఎక్కువ.

మన జిల్లా వాళ్ళకి ఈ లెక్క కొత్త కాకూడదు. శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడ లేచే పీఎస్ఎల్‌వీ ఎక్స్ఎల్ బరువు 320 టన్నులు. 600 కిలోమీటర్ల ఎత్తున సూర్యానువర్తన కక్ష్యలోకి అది మోసుకెళ్ళేది సుమారు 1,750 కిలోలు. ఉపగ్రహం డిజైన్ చేసేవాళ్ళు "చోటుంది కదా, ఇంకోటి పెట్టేద్దాం" అనుకోరు. ప్రతి గ్రాముకీ ఒక కారణం చూపించాలి. వాళ్ళు దాన్ని పేలోడ్ అంటారు, మన బండ్ల భాషలోనూ దాని పేరు పేలోడే.

వాక్యూమ్ బ్యాగుల మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. దుప్పటి సైజు సగం చేస్తుంది, నిజమే. బరువు మాత్రం ఒక్క గ్రాము తగ్గదు. పైగా మిగిలిన చోటులో ఇంకో పది కిలోలు కుక్కాలనిపిస్తుంది. లీటర్లు ఆదా చేసి కిలోల్లో అప్పు పెరిగినట్టు.

మరి బరువు ఎట్లా తగ్గించాలి? గాడ్జెట్ ఏదీ అక్కర్లేదు. లీటరు నీళ్ళు అంటే కిలో బరువు. రెండో క్యాన్‌ని ఖాళీగా తీసుకెళ్ళి, ఆఖరి ఊర్లో నింపుకుంటే దారి పొడుగునా 20 కిలోలు తగ్గినట్టే. బియ్యం, నూనె ఐదు రోజులకి సరిపడా ఎందుకు? భాకరాపేటలో అంగడి లేదా? పీలేర్లో లేదా? మనం పోయేది సహారా ఎడారికి కాదు కదా.

ఇంకో మాట. చిత్తూరు చుట్టుపక్కల మామిడి, టమాటా లారీలు తిరిగే రోడ్ల మీద వే బ్రిడ్జిలకి కొదవ లేదు. ట్రిప్‌కి ముందు సామాను మొత్తం ఎక్కించి, కారు నుంచి విప్పి, ట్రైలర్‌ని ఒక్కదాన్నే తూకం వేయించండి. దానికయ్యే ఖర్చు ఏ ఆర్గనైజర్ కంటే తక్కువే. మీ చేతికొచ్చే ఆ స్లిప్పే క్యాంపింగ్‌కి అన్నింటికంటే ముఖ్యమైన స్పెక్ షీట్.

ఘాట్ రోడ్డు మీద తెలిసే నిజం

బరువు ఎంత అన్నది సగం ప్రశ్న. ఎక్కడ అన్నది మిగతా సగం.

తిరుపతి నుంచి మదనపల్లె వైపు పోతే భాకరాపేట ఘాట్. చిత్తూరు నుంచి పలమనేరు వైపు పోతే మొగిలి ఘాట్. మనం ఎటు పోయినా ఏదో ఒక కొండ ఎక్కి దిగాల్సిందే. ట్రైలర్ వెనక భాగంలో బరువు ఎక్కువైతే హిచ్ మీద పడే భారం తగ్గిపోతుంది. అప్పుడు స్పీడులో ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. దిగుడులో అయితే ఇంకా ప్రమాదం. ఊపు మొదలైతే గట్టిగా బ్రేక్ కొట్టకూడదు, స్పీడు పెంచకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, దానంతట అదే తగ్గనివ్వాలి. కానీ అంత దాకా రాకుండా చూసుకునేది డ్రైవర్ కాదు, సామాను సర్దేవాడు.

లెక్క సింపుల్. మా బండిలో చక్రాల నుంచి హిచ్‌కి దూరం మూడు మీటర్లు. వెనక కిచెన్ చక్రాలకి ఒకటిన్నర మీటర్ వెనక. అక్కడ 10 కిలోలు పెడితే హిచ్ మీద 5 కిలోలు తగ్గుతాయి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండూ కిచెన్ పక్కనే ఉంటే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. కుళాయి దగ్గర నీళ్ళు, లాజిక్ కరెక్టే. కానీ ఆ ఒక్క నిర్ణయంతో హిచ్ మీద 20 కిలోలు పోయాయి.

హిచ్ మీద ఎంత భారం ఉండాలి? మామూలుగా చెప్పేది మొత్తం బరువులో పదో వంతు అటూ ఇటూ. 750కి 75 కిలోలు. కారు కంపెనీ గానీ, హిచ్ కంపెనీ గానీ అంతకంటే తక్కువ లిమిట్ ఇస్తే అదే ఫైనల్. కొలవడానికి స్మార్ట్ సెన్సర్ కొనక్కర్లేదు. సమతలం మీద ట్రైలర్‌ని నిలబెట్టి, చక్రాలకి రాళ్ళు పెట్టి, బాత్రూం వెయింగ్ మెషీన్ మీద ఒక చెక్క దుంగ నిలబెట్టి, దాని మీద హిచ్ ఆనించండి. నెంబర్ కనిపిస్తుంది.

కాబట్టి బరువైనవన్నీ కింద, చక్రాల ఇరుసుకి దగ్గరగా, కాస్త ముందుకి. నీళ్ళు, బ్యాటరీ, టూల్స్ అక్కడే. పై షెల్ఫుల్లో దుప్పట్లు, బట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు. ఇందులో డిబేట్ లేదు.

లోపల వదులుగా పడేసిన వస్తువుల సంగతి ఇంకోటి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక్కసారిగా దేన్నైనా గుద్దుకుంటే, కట్టకుండా వదిలేసిన రెండు కిలోల ల్యాప్‌టాప్ ముందు గోడకి తగిలే దెబ్బ 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడిన దెబ్బతో సమానం. అంటే దాదాపు నాలుగో అంతస్తు. ట్రైలర్‌లో మనుషులు కూర్చోరు కాబట్టి అక్కడ పోయేది ల్యాప్‌టాపే. అదే వస్తువు కారు వెనక సీటు పైన ఉంటే? అందుకే మా రూల్, కారులో మనుషుల వెనక గట్టి వస్తువు ఏదీ కట్టకుండా ఉండకూడదు. పవర్ బ్యాంక్ అయినా సరే.

అయ్యప్ప బస్సు వంటమాస్టర్ చెప్పే పాఠం

సామాను వరస గురించి నేను చదివిన బ్లాగుల కంటే మంచి పాఠం మన ఊర్లలోనే ఉంది. కార్తీకం దాటాక మన వైపు నుంచి శబరిమలకి పోయే బస్సులు చూడండి. యాభై మంది స్వాములు, దారిలో రోజూ రెండు పూటలా వంట. వంటమాస్టర్ డిక్కీ సర్దే పద్ధతి చూస్తే డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్ట్ మళ్ళీ చదివినట్టుంటుంది. ఆఖరున లోడ్ చేసేది స్టవ్, కాఫీ గిన్నె. ఎందుకంటే బస్సు ఆగగానే మొదట కావాల్సింది అదే. బియ్యం మూటలు లోపల, కానీ ఈరోజు వంటకి కొలిచిన బియ్యం విడిగా చిన్న సంచిలో డోర్ దగ్గర. పెద్ద అండాలో చిన్న గిన్నె, దాంట్లో గరిటెలు, గరిటెల మధ్య ఖాళీలో పోపు డబ్బా.

అంతకు ముందు తరం గూడు బండ్లలో తిరుపతికి వచ్చింది. సద్ది మూట చేతికి అందేలా, ఎద్దుల మేత బండి కింద వేలాడే గోనెలో, పిల్లలు మధ్యలో. ఆ బండి కూడా క్యాంపర్ ట్రైలరే. లాగేది మాత్రం హార్స్‌పవర్ కాదు.

మన భాషలో చెప్పాలంటే ఇది క్యాష్ మెమరీ. గంటకోసారి కావాల్సింది ర్యామ్‌లో. రోజుకోసారి కావాల్సింది ఎస్ఎస్‌డీలో. ట్రిప్‌కోసారి కూడా అవసరం రాకపోవచ్చు అనేది కోల్డ్ స్టోరేజ్‌లో. మా బండిలో ర్యామ్ అంటే డోర్ పక్కనే ఒక్క చిన్న క్రేట్. టార్చ్, అగ్గిపెట్టె, కత్తి, టిష్యూ, నీళ్ళ సీసా, ఫస్ట్ ఎయిడ్. అంతకు మించి ఒక్కటి కూడా ఎక్కనివ్వను. ర్యామ్‌లో అన్నీ నింపితే ఏమవుతుందో మనకి తెలిసిందే.

ఒకే ఒక్క మినహాయింపు ఫస్ట్ ఎయిడ్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. ఇవి ఎంత అరుదుగా వాడినా డోర్ దగ్గరే ఉండాలి. వాడకం ఎన్నిసార్లు అన్నది ఒక కొలత, ఆలస్యమైతే ఎంత నష్టం అన్నది దానికంటే పెద్ద కొలత.

టమాటా కథ

ఫ్రాంక్ రూబియో పేరు వినే ఉంటారు. ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్‌లో ఒకే విడతలో 371 రోజులు ఉన్న అమెరికన్ వ్యోమగామి. స్టేషన్‌లో పండించిన చిన్న టమాటా ఆయన దగ్గర పోయింది. ఎంత వెతికినా దొరకలేదు, తినేశావని మిగతావాళ్ళు ఆట పట్టించారు. ఆయన 2023 సెప్టెంబర్‌లో భూమికి వచ్చేశాడు. డిసెంబర్‌లో స్టేషన్‌లో ఉన్నవాళ్ళు టమాటా దొరికిందని చెప్పారు.

మదనపల్లె మార్కెట్లో రోజూ లారీల కొద్దీ టమాటా చూసే మనకి ఇది నవ్వొచ్చే విషయమే. కానీ ఆలోచించండి. అదే స్టేషన్‌లో సామాన్లకి బార్‌కోడ్‌లు ఉంటాయి, ఏ వస్తువు ఏ బ్యాగులో, ఏ మూల ఉందో చెప్పే డేటాబేస్ ఉంటుంది. అయినా ఒక్క వస్తువు చేతిలోంచి జారి దాని అడ్రస్ పోయిందంటే, అంత టెక్నాలజీ మధ్యలో కూడా నెలల తరబడి దొరకలేదు. దొంగ అన్న పేరు మాత్రం మనిషికొచ్చింది. మా బండిలో కూడా అంతే. మైక్రో ఎస్‌డీ కార్డు కనిపించకపోతే ముందు మొదలయ్యేది వెతకడం కాదు, గొడవ.

శ్రీసిటీలో పనిచేసే మా క్లాస్‌మేట్స్‌కి 5ఎస్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. జపాన్ ఫ్యాక్టరీల్లో పుట్టిన పద్ధతి. మొదటి ఎస్ అక్కర్లేనిది తీసేయడం, రెండో ఎస్ మిగిలినదానికి చోటు ఖాయం చేయడం. శుభ్రం, స్టాండర్డ్, అలవాటు ఆ తర్వాత. 2015లో షావోమీ మన దేశంలో తయారైన తన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ని అసెంబుల్ చేయించింది శ్రీసిటీలోనే. 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నదీ అక్కడే. ట్రైలర్ లాగడానికి మనవాళ్ళు ఇష్టపడే వి-క్రాస్ వాటిలో ఒకటి. లైన్ మీద నిలబడ్డ మనిషి స్క్రూడ్రైవర్ కోసం వెతకడు. చెయ్యి చాపితే అది అక్కడ ఉంటుంది. దాన్ని తీసేస్తే వెనక దాని ఆకారం బోర్డు మీద గీసి ఉంటుంది, ఏది లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

మేం చేసింది దాని చవక వెర్షన్. ప్రతి క్రేట్‌కి ఒక అక్షరం, ప్రతి అరకి ఒక నెంబర్. క3 అంటే కిచెన్ మూడో అర. మూత లోపలి వైపు అందులో ఉండాల్సినవి మార్కర్‌తో రాసి ఉంటాయి. నలుగురి ఫోన్లలో ఒకే షేర్డ్ షీట్, ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసి. తలకోన అడవిలో సిగ్నల్‌ని నమ్ముకుని క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు అంటించడం నా దృష్టిలో షో కోసమే. మార్కర్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు.

అడ్రస్ అంటే సౌకర్యం ఒక్కటే కాదు, ప్రాణం కూడా. వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీక్ అయితే పైకి పోదు, కింద నేల మీద పేరుకుంటుంది. అందుకే సిలిండర్ ఉండాల్సింది బయట వైపు అరలో, నిటారుగా, అర అడుగున గాలి పోయే రంధ్రాలతో. చోటు మిగిలిందని ఇన్వర్టర్‌ని, బ్యాటరీని ఆ అరలోనే పెట్టేవాళ్ళని చూశాను. గ్యాస్ పేరుకునే చోట స్పార్క్ వచ్చే వస్తువు! సోషల్ మీడియాలో నీట్‌గా కనిపిస్తుంది. నేనైతే ఆ బండిలో పడుకోను.

తలకోన కోతుల సంగతి కూడా మర్చిపోవద్దు. జిప్ బ్యాగు వాటికి లెక్కే కాదు. తిండి ఏదైనా క్లిప్ పడే మూత ఉన్న డబ్బాలో, డబ్బా మూసిన తలుపు వెనక. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల మీదికి రావడం అందరికీ తెలిసిందే. ఆ పక్క రాత్రి పూట తిండి సామాను బయట ఆరబెట్టుకుని పడుకోవడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

ఏ గాడ్జెట్‌కి సీటు

ఇక మన అసలు టాపిక్. ఏది ఎక్కాలి, ఏది ఇంట్లో ఉండాలి?

నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. బరువెంత? అడ్రస్ ఎక్కడ? దీని కోసం ఏది దిగిపోతుంది? మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే ఎక్కనివ్వను.

బ్యాటరీ ఈ పరీక్ష పాసయింది. ఇంట్లో వాడే 150 యాంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైమాటే. అమరాన్ బ్యాటరీల ఊరు మనది, కరకంబాడి దారిలో పెరిగిన వాళ్ళం, లెడ్ యాసిడ్ మీద మాకు అభిమానం ఎక్కువే. కానీ ట్రైలర్‌లో 100 యాంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోల్లో సుమారు 1,280 వాట్ అవర్లు ఇస్తుంది, అందులో ఎక్కువ భాగం వాడుకోవచ్చు. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తగ్గుతుంది. ఇక్కడ ఖరీదైన గాడ్జెట్ నిజంగా చోటు ఇచ్చింది. ఒక్క జాగ్రత్త, ఈ సెల్స్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెల తిరుపతి ఎండలో మూసిన పెట్టెలో ఆ వేడి రావడం కష్టమేం కాదు. కాబట్టి నేల మీద, నీడ వైపు, గాలి తగిలే అర.

ఛార్జర్లు ఫెయిలయ్యాయి. నలుగురికి మొదట 11 ఇటుకలు ఉండేవి. ఇప్పుడు 12 ఓల్ట్ లైన్ నుంచి నేరుగా రెండు యూఎస్‌బీ-సీ సాకెట్లు. ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా, లైట్ అన్నీ వాటి మీదే. బ్యాటరీ కరెంట్‌ని ఇన్వర్టర్‌తో 230 ఓల్ట్‌కి పెంచి, మళ్ళీ ఛార్జర్‌తో దించడం ఎందుకు? మధ్యలో కొంత పవర్ వేడిగా పోతుంది. కొత్త గాడ్జెట్ కొనేటప్పుడు నా మొదటి ఫిల్టర్ ఇదే. సొంత ఛార్జర్ తప్ప దేంతోనూ ఛార్జ్ అవ్వనిది ఎంత బాగున్నా మా బండిలోకి రాదు.

ఫ్రిజ్ దగ్గర పెద్ద గొడవ నడిచింది. నలుగురం పోయే రెండు రోజుల ట్రిప్‌కి 25 కిలోల ఫ్రిజ్ ఎందుకన్నది నా వాదన. పెరుగు ప్యాకెట్ దొరకని ఊరు మన జిల్లాలో ఉందా? రాగి సంగటి, ఊరిబిండికి ఫ్రిజ్ కావాలా? కానీ మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మానాన్నలతో హార్స్‌లీ హిల్స్ పోయేటప్పుడు లెక్క మారింది. వాళ్ళ అమ్మగారికి ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు, ఎండకి పెట్టకూడదు. అప్పుడు ఫ్రిజ్ మొదట ఎక్కింది, దాని కోసం ప్రొజెక్టర్, స్పీకర్, టేబుల్, ఇద్దరి పెద్ద బ్యాగులు దిగాయి. ఎవ్వరూ మాట్లాడలేదు. "ప్రొజెక్టర్ లేకుండా క్యాంపింగ్ ఏంది మచ్చా" అని రోజూ గోల చేసేవాడే దాన్ని దించి ఇంట్లో పెట్టొచ్చాడు.

నేను చెప్పాలనుకున్నది అక్కడే ఉంది. ఒకే ఫ్రిజ్ ఒక ట్రిప్‌లో దండగ, ఇంకో ట్రిప్‌లో తప్పనిసరి. రివ్యూలో దానికి ఎన్ని స్టార్లు వచ్చాయన్నది ఈ నిర్ణయాన్ని చేయలేదు. ఎవరు వస్తున్నారు, వాళ్ళకి ఏది లేకపోతే నష్టం అన్నదే చేసింది.

"మా దగ్గర ట్రైలరే లేదు" అనేవాళ్ళకి

న్యాయమైన మాటే. క్యాంపర్ ట్రైలర్ ఉన్నవాళ్ళు మన దగ్గర చాలా తక్కువ. కానీ పెళ్ళికి ఏడుగురు ఎర్టిగాలో పోయేటప్పుడు చివరి సీటు వెనక సూట్‌కేసులు పైకప్పు దాకా పేర్చేది మనమే. తిరుమలకి పోయే టెంపో ట్రావెలర్ పైన మూటలన్నీ కట్టేదీ మనమే. వాటికీ మొత్తం బరువు లిమిట్ ఉంటుంది, టైర్ల గాలి ఫుల్ లోడ్‌కి ఎంత ఉండాలో డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. మనలో ఎంతమంది ఆ స్టిక్కర్ చదివారు? ఫోన్ కొనేముందు ప్రాసెసర్ నానోమీటర్లు కూడా చదివేవాళ్ళం కదా.

ఇంకో వాదన కూడా విన్నాను. "లెక్కలు వేసుకుంటూ పోతే అది ట్రిప్ ఎట్లా అవుతుంది, ఆఫీసే కదా?" ఒక్కసారి వేస్తే చాలు. తూకం షీట్ ఒకసారి రాసుకుంటే తర్వాతి ట్రిప్‌కి మారేవి నాలుగైదు లైన్లే. మాకిప్పుడు బండి లోడ్ చేయడానికి 40 నిమిషాలు పడుతుంది. ముందు సాయంత్రమంతా పట్టేది. చీకట్లో దిగి టెంట్ మేకుల కోసం అన్ని బ్యాగులు తిరగేసే పని లేదు. ఆ మిగిలిన టైమే ట్రిప్.

నా వెర్డిక్ట్

క్యాంపర్ కోసం బడ్జెట్ ఉంటే ఈ వరసలో ఖర్చు పెట్టండి. మొదట వే బ్రిడ్జి స్లిప్. రెండోది నాలుగు మంచి బెల్టులు, నేలకి బిగించే హుక్కులు. మూడోది ఒకే సైజు క్రేట్లు, మూతలతో, ఒక పర్మనెంట్ మార్కర్. నాలుగోది ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, గ్యాస్ లీక్ అలారం. ఐదోది లిథియం బ్యాటరీ, యూఎస్‌బీ-సీ సాకెట్లు. ఆ తర్వాత కూడా డబ్బులు, కిలోలు రెండూ మిగిలితే ప్రొజెక్టర్ కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. దానికి ఒక అర నెంబర్ ఇచ్చాకే బాక్స్ ఓపెన్ చేయండి.